వయసుతో కండ తగ్గడం నరాల జబ్బుకు మొదలా? కండబలం మెదడును కాపాడుతుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో పెడతాను. మీ నాన్నగారికి 72 ఏళ్లు. కొన్నేళ్లుగా రెండు తొడలూ సన్నబడుతున్నాయి, చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. మీ బాబాయిగారికి పార్కిన్సన్స్ ఉంది, అందుకే నాన్నగారిది కూడా ఏదో నరాల జబ్బుకు ఆరంభమేమోనని మీకు టెన్షన్. దీనికి తోడు, కండరంలో ఒకే ఒక్క జన్యువును ఎక్కువగా పనిచేయిస్తే ఎలుకల మెదడు మెరుగుపడిందన్న పరిశోధన ఒకటి మీ కంటబడింది. అదే నిజమైతే కండ పెంచుకుని అల్జీమర్స్‌ని ఆపవచ్చా అని అడిగారు.

నరం కండరాన్ని ఎలా నడిపిస్తుంది, వయసుతో ఆ బంధం ఎలా సడలుతుంది అన్న విషయం మీదే చాలా ఏళ్లు ల్యాబ్‌లో పనిచేశాను. మీరు రాసిన లక్షణాలను బట్టి మీ నాన్నగారిది వయసుతో వచ్చే కండర క్షీణత, అంటే సార్కోపీనియా అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. రెండు వైపులా సమానంగా, ఏళ్ల తరబడి నెమ్మదిగా, ముఖ్యంగా తొడల్లో తగ్గడం దాని పద్ధతి. అది ప్రాణాంతకమైన నరాల జబ్బుకు మొదటి మెట్టు కాదు. అయితే ఈ రెండూ అసలు సంబంధం లేని విషయాలని కూడా నేను అనను. రెండింటి దారీ కొంతదూరం ఒకటే, పరిశోధకుల ఆసక్తి అంతా అక్కడే ఉంది.

కండ ఎందుకు తగ్గుతుందో చూద్దాం. 1988లో లెక్సెల్ బృందం, 15 నుంచి 83 ఏళ్ల మధ్య వయసులో హఠాత్తుగా చనిపోయిన 43 మంది ఆరోగ్యవంతులైన పురుషుల తొడ కండరాన్ని అడ్డంగా కోసి, పోగులు లెక్కపెట్టింది. 20 నుంచి 80 ఏళ్లు వచ్చేసరికి కండరం దాదాపు 40 శాతం తగ్గింది. పోగులు సన్నబడటం ఒక కారణమైతే, పోగుల సంఖ్యే తగ్గిపోవడం అంతకంటే పెద్ద కారణం. ఇంకో సంగతి, బలం కండకంటే వేగంగా పడిపోతుంది. 70 దాటినవాళ్లను మూడేళ్లు గమనించిన ఒక అమెరికా అధ్యయనంలో కాలి బలం తగ్గిన వేగం, కండ తగ్గిన వేగానికి సుమారు మూడు రెట్లు ఉంది. అంటే కండ ఉన్నా అది మునుపటిలా పనిచేయడం లేదన్నమాట. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే, కండరంతో పాటు దాన్ని నడిపించే నరం కూడా లెక్కలోకి వస్తుంది.

వెన్నుపాములో మోటార్ న్యూరాన్లు అనే కణాలుంటాయి. పాదం దాకా వెళ్లే న్యూరాన్ పోగు మీటరు పొడవు దాకా ఉంటుంది. ఒక్కో న్యూరాన్ తన చివర కొమ్మలుగా చీలి కొన్ని కండర పోగులను నడిపిస్తుంది. కంటిని తిప్పే కండరాల్లో ఒక న్యూరాన్ కింద పది పోగులే ఉండవచ్చు, పిక్కలో వెయ్యికి పైనే ఉంటాయి. న్యూరాన్‌నీ దాని కింది పోగులన్నింటినీ కలిపి మోటార్ యూనిట్ అంటాం. 60 దాటాక ఈ యూనిట్లు తగ్గడం మొదలవుతుంది. 1977లో టామ్లిన్సన్, ఇర్వింగ్ మనుషుల వెన్నుపాముల్లో కాళ్లను నడిపించే న్యూరాన్లను లెక్కపెట్టినప్పుడు 60 దాకా పెద్దగా నష్టం కనబడలేదు. ఆ తరువాతే స్పష్టంగా తగ్గాయి, అదీ అందరిలో ఒకేలా కాదు.

న్యూరాన్ చనిపోతే దాని పోగులు వెంటనే చావవు. పక్క న్యూరాన్ కొత్త కొమ్మ వేసి ఆ దిక్కులేని పోగులను తనలో కలుపుకుంటుంది. మైక్రోస్కోపు కింద దీన్ని కళ్లారా చూడవచ్చు. యువకుడి కండరానికి రంగు వేస్తే వేగంగా పనిచేసే పోగులూ నెమ్మదిగా పనిచేసే పోగులూ చదరంగం గళ్లలా ముదురుగా, లేతగా కలగలిసి కనిపిస్తాయి. 80 ఏళ్ల మనిషి కండరంలో ముదురు పోగులు ఒకచోట గుంపుగా, లేత పోగులు ఇంకోచోట గుంపుగా చేరి ఉంటాయి. మధ్యలో అక్కడక్కడా నలిగి మూలలు తేలిన చిన్న పోగులు కనిపిస్తాయి. అవి ఏ న్యూరానూ అందుకోలేకపోయినవి. మొదటిసారి చూసే విద్యార్థులకు నేను ఆ మూలలు తేలిన పోగులనే ముందు చూపించేవాణ్ణి, ఎందుకంటే కండరం కథలో నరం పాత్ర అక్కడ ఒక్క చూపులో అర్థమవుతుంది. సాధారణంగా వేగవంతమైన పోగుల న్యూరాన్లే ముందు పోతాయి, నెమ్మదైన న్యూరాన్లు ఆ పోగులను దత్తత తీసుకుంటాయి. కాలు జారినప్పుడు క్షణంలో తమాయించుకునే శక్తి ముసలితనంలో తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు మీ భయానికి వస్తాను. ఏఎల్ఎస్ అనే మోటార్ న్యూరాన్ జబ్బులో జరిగేది కూడా పైపైన ఇదే: న్యూరాన్ పోవడం, పక్కది అందుకోవడం, చివరికి అందుకునేవాళ్లే లేకపోవడం. మొదట పోయేవి అందులోనూ వేగవంతమైన యూనిట్లే. తేడా అంతా వేగంలోనూ విస్తృతిలోనూ ఉంది. వయసు దశాబ్దాల మీద చేసే నష్టాన్ని ఏఎల్ఎస్ నెలల్లో చేస్తుంది, పైగా ఆ జబ్బున్న దాదాపు అందరి న్యూరాన్లలోనూ టీడీపీ-43 అనే ప్రోటీన్ తన చోటు వదిలి ముద్దలు కడుతుంది. మామూలు వృద్ధాప్యంలో వెన్నుపాము అలా ఉండదు.

జబ్బు ఏ చివర మొదలవుతుందన్నది నన్ను ఎప్పుడూ వదలని ప్రశ్న. 2004లో ఫిషర్ బృందం, ఏఎల్ఎస్ తెచ్చే ఎస్ఓడీ1 జన్యులోపం ఉన్న ఎలుకలను రోజులవారీగా పరిశీలించింది. 47వ రోజుకే కండరంలో 40 శాతం దాకా నర-కండర సంధులు ఖాళీ అయ్యాయి, అంటే నరం కొస అక్కడి నుంచి వెనక్కి వెళ్లిపోయింది. వెన్నుపాములో కణాల సంఖ్య తగ్గింది మాత్రం 80వ రోజు తరువాతే. అదే వ్యాసంలో, ఏఎల్ఎస్ తొలిదశలో అనుకోకుండా చనిపోయిన ఒక రోగి పరీక్ష కూడా ఉంది. కండరంలో నరం తెగిన గుర్తులున్నాయి, వెన్నుపాములో న్యూరాన్లు మామూలుగానే కనిపించాయి. అంటే కణం చనిపోకముందే దాని చివర పట్టు వదులుతోంది.

అలాగని జబ్బు కండరంలోనే పుడుతుందని తేల్చేయడం తొందరపాటు. 2006లో మిల్లర్ బృందం అవే ఎస్ఓడీ1 ఎలుకల కండరంలో మాత్రమే చెడు ప్రోటీన్‌ని తగ్గించి చూసింది. జబ్బు గమనం మారలేదు. ఇంకొన్ని ల్యాబ్‌లు చెడు జన్యువును కండరంలోనే పెడితే కండరం పాడైందని చూపించాయి. ఎస్ఓడీ1 విషయంలో కండరం బాధితుడే గాని ప్రధాన దోషి కాదని నా అభిప్రాయం.

మీరు చదివిన పరిశోధన బహుశా కాన్‌స్టాన్జా కోర్టెస్‌ది. ఆమె ప్రస్తుతం సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేస్తున్నారు. ఆమె పని నాకు నచ్చడానికి కారణం, కండరాన్ని బాధితుడిగా కాక కారకుడిగా కూడా చూడాలన్న ప్రశ్నను గట్టి ప్రయోగంతో ముందుకు తేవడం. కెనడీ వ్యాధి అని ఒకటుంది. మగ హార్మోన్లను అందుకునే ఆండ్రోజన్ రిసెప్టర్ జన్యువులో ఒక చిన్న ముక్క అతిగా పునరావృతం కావడం వల్ల వస్తుందని 1991లో ఆల్బర్ట్ లా స్పాడా తదితరులు కనుక్కున్నారు. మగవాళ్లలో మోటార్ న్యూరాన్లు నెమ్మదిగా పోతాయి కాబట్టి అందరూ దాన్ని వెన్నుపాము జబ్బుగానే చూశారు. 2014లో లా స్పాడా ల్యాబ్‌లో కోర్టెస్ తదితరులు ఒక ఎలుకను తయారు చేశారు. దాని శరీరం అంతటా చెడు జన్యువు ఉంటుంది, కండరంలో మాత్రం దాన్ని తీసేయవచ్చు. అలా తీసేస్తే ఎలుకలు బరువు కోల్పోలేదు, నడక నిలబడింది, ఎక్కువ కాలం బతికాయి, వెన్నుపాములోని న్యూరాన్లు కూడా బాగున్నాయి. ఆ న్యూరాన్లలో చెడు జన్యువు అలాగే ఉంది, అయినా బాగున్నాయి! నరం బతుకు కండరం చేతిలో ఉండే సందర్భాలున్నాయని ఇంత శుభ్రంగా చూపించిన ప్రయోగాలు అరుదు. ఎస్ఓడీ1 ఎలుకల్లో రాని ఫలితం ఇక్కడ వచ్చిందంటే, ఒక జబ్బుకు దొరికిన సమాధానాన్ని ఇంకో జబ్బుకు అంటగట్టకూడదని కూడా దీన్నుంచే తెలుస్తుంది.

ఆ తరువాత ఆమె వెన్నుపాము దాటి మెదడు దాకా వెళ్లారు. కణంలో పాడైన ప్రోటీన్లను, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను లైసోజోములనే చిన్న సంచులకు పంపి కరిగించే వ్యవస్థ ఒకటుంది, ఆటోఫేజీ అంటారు. దాన్ని నడిపే జన్యువులకు పెద్ద స్విచ్ టీఎఫ్ఈబీ. వయసు మీదపడ్డ కండరంలో ఈ శుభ్రత మందగిస్తుంది. 2023లో వచ్చిన వ్యాసంలో ఆమె బృందం ఎలుకల కండరంలో మాత్రమే టీఎఫ్ఈబీని పెంచింది. కండరం బాగుండటం ఊహించినదే. మెదడులో టౌ ప్రోటీన్ పేరుకునే జన్యులోపం ఉన్న ఎలుకల్లో, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో టౌ పేరుకోవడం తగ్గింది, మెదడు వాపు లక్షణాలు తగ్గాయి. జబ్బు లేని ముసలి ఎలుకలు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా చేశాయి. మెదడును ఎవరూ ముట్టుకోలేదు.

కండరం నుంచి మెదడుకు ఈ కబురు రక్తం ద్వారా వెళ్తుందన్నదే బలమైన ఊహ. ఆ ఊహకు ముందునుంచే ఆధారాలున్నాయి. 2010లో డెమాంటిస్, పెర్రిమాన్ ఈగల కండరంలో ఫాక్సో అనే జన్యువును పెంచితే మిగతా అవయవాల్లో కూడా ప్రోటీన్ ముద్దలు తగ్గాయని చూపారు. డెన్మార్క్‌కు చెందిన బెంటే పెడర్సన్, పనిచేసే కండరం ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలను రక్తంలోకి వదులుతుందని చూపి, వాటికి మయోకైన్లని పేరు పెట్టారు. 2016లో కాథెప్సిన్ బి అనే మరో పదార్థాన్ని ఎలుకల్లోనూ కోతుల్లోనూ మనుషుల్లోనూ పరిశీలించారు. పరుగు వ్యాయామంతో అది రక్తంలో పెరిగింది. దాన్ని తయారు చేసుకోలేని ఎలుకలకు మాత్రం పరుగు వల్ల జ్ఞాపకశక్తిలో ప్రయోజనం రాలేదు. ఐరిసిన్ పేరు మీరు ఎక్కువగా విని ఉంటారు. అది 2012లో పెద్ద సంచలనం, ఆపైన మనుషుల రక్తంలో దాన్ని కొలిచే కిట్లే తప్పు చూపిస్తున్నాయని పెద్ద గొడవ. చివరికి కచ్చితమైన పద్ధతితో కొలిస్తే అది ఉందని, అయితే అతి తక్కువ మోతాదులో ఉందని తేలింది. ఇంత వివాదం నడిచిన పదార్థాన్ని డబ్బాలో పెట్టి అమ్మేవాళ్లు కనిపిస్తే దూరంగా ఉండండి.

ఎలుకల్లో వచ్చిన ఫలితాలను మనుషులకు వర్తింపజేసేటప్పుడు జాగ్రత్త అవసరం. ముసలి ఎలుకల్లో నర-కండర సంధి ముక్కలు ముక్కలవుతుంది. వ్యాయామం దాన్ని కొంత సరిచేస్తుందని 2010లో సేన్స్, లిక్ట్‌మన్ బృందం చూపింది. మా రంగమంతా ఎలుకల్లో చూసినదాన్నే మనుషులకూ వర్తింపజేస్తూ వచ్చింది. 2017లో ఎడిన్‌బరోలో గిలింగ్‌వాటర్ బృందం, శస్త్రచికిత్సలో తొలగించిన కాళ్ల నుంచి తీసిన మనిషి సంధులను పరిశీలించింది. అవి ఎలుక సంధులకంటే చిన్నవి, రూపం వేరు, పైగా వయసు పెరిగినా ఆకారం దాదాపు మారలేదు. ఒక్క వ్యాసంతో ఎన్నో ఏళ్ల అలవాటు ప్రశ్నార్థకమైంది. ఎలుకలో ఒక ఫలితం రాగానే "మనిషిలో చూశారా" అని అడగడం అందుకే.

మనుషుల్లో ఏం చూశారు? కండబలం ఎక్కువున్న వృద్ధులకు తరువాతి ఏళ్లలో అల్జీమర్స్ తక్కువగా వచ్చిందని షికాగోలోని రష్ కేంద్రం 2009లో చెప్పింది. ఇలాంటి అధ్యయనాలు చాలా ఉన్నాయి. వీటిలో ఒక చిక్కు ఉంది. అల్జీమర్స్ బయటపడటానికి ఎన్నో ఏళ్ల ముందే మనిషి బరువు తగ్గుతాడు, నడక మందగిస్తుంది. కాబట్టి బలహీనత జబ్బుకు కారణమా, జబ్బుకు తొలి నీడా అని ఈ లెక్కలు విడదీయలేవు. విడదీయాలంటే చీటీ వేసి రెండు గుంపులుగా పెట్టే ప్రయోగాలు కావాలి. అమెరికాలో లైఫ్ అనే ప్రయోగం 70 నుంచి 89 ఏళ్ల 1,635 మందిని తీసుకుని సగం మందితో రెండేళ్లు నడక, కొంత కసరత్తు చేయించింది. నడిచే సామర్థ్యం నిలిచింది గాని జ్ఞాపకశక్తిలో, ఆలోచనలో మిగతా సగానికంటే తేడా రాలేదని 2015లో తేల్చారు. సిడ్నీలో స్మార్ట్ అనే చిన్న ప్రయోగం, కొంచెం మతిమరుపు మొదలైన 100 మందిని తీసుకుని, వాళ్లలో కొందరితో ఆరు నెలలు బరువులెత్తించింది. తేలిక బరువులు కావు, తమ గరిష్ఠ శక్తిలో 80 శాతం. బరువులెత్తినవాళ్లలో ఆలోచనాశక్తి మెరుగుపడింది, బలం ఎంత పెరిగితే మెరుగుదల అంత ఎక్కువ.

ఇవి చూశాక నేను నమ్మేది ఇది. బలం పెంచే వ్యాయామం మెదడుకు మేలు చేస్తుందనడానికి మంచి ఆధారం ఉంది, అల్జీమర్స్‌ని ఆపుతుందనడానికి లేదు. ఆపుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అదే మాట పట్టుకుని వ్యాయామం మానేయడం ఇంకా పెద్ద నష్టం, ఎందుకంటే కండరానికి అది చేసే మేలులో సందేహమే లేదు.

1990లో మరియా ఫియాటరోన్, సగటు వయసు 90 ఉన్న పది మంది వృద్ధాశ్రమ వాసులతో ఎనిమిది వారాలు బరువులెత్తించారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టి నడిచారు. 90 ఏళ్ల కండరం స్పందించగలిగితే 72 ఏళ్ల కండరం గురించి నిరాశ అక్కర్లేదు. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండ పెరగడం వల్ల కాదు, నరాలు ఉన్న కండను బాగా వాడుకోవడం వల్ల. అందుకే తొడ కొలత మారకపోయినా నిరుత్సాహపడకండి.

నాన్నగారికి ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమనండి. పక్కనే నిలబడండి. ఆసియా వాసులకు 2019లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్ల సామర్థ్యం తగ్గినట్టు. చేతి పట్టు పురుషుల్లో 28 కిలోలకంటే, స్త్రీలలో 18 కిలోలకంటే తక్కువైతే బలం తగ్గినట్టు. పట్టు కొలిచే పరికరం ఫిజియోథెరపిస్టు దగ్గర ఉంటుంది. చేతులు ఊనకుండా అసలు లేవలేకపోతే ఎత్తైన కుర్చీతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు సార్లు, మధ్యలో ఒకరోజు విశ్రాంతితో, చివరి రెండు మూడు సార్లు కష్టమనిపించేంత చేయించండి. తేలికైపోయాక కుర్చీ ఎత్తు తగ్గించండి, లేదా బరువు కలపండి. కష్టం పెంచకుండా ఏళ్ల తరబడి ఒకే కసరత్తు చేయడం చాలా ఇళ్లలో చూస్తాను, దానివల్ల ఒరిగేది తక్కువ. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి.

ప్రోటీన్ విషయంలో వృద్ధులకు రోజుకు శరీర బరువు కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు మంచిదని నిపుణుల సిఫార్సు. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క వర్తించదు, డాక్టర్ చెప్పినంతే. మందుల గురించి అడుగుతారని తెలుసు. కండ పెరగకుండా ఆపే మయోస్టాటిన్ అనే ప్రోటీన్ దారిని అడ్డుకునే బైమాగ్రుమాబ్ అనే మందు వృద్ధుల్లో కండను పెంచింది, నడక, లేచి కూర్చోవడం వంటి పనుల్లో మాత్రం ఆ మందు తీసుకోనివాళ్లకంటే అదనపు లాభం ఇవ్వలేదు. నరం వైపు చూడకుండా కండ ఒక్కటే పెంచితే చాలదని దీన్నుంచి నేను గ్రహించాను. స్టాన్‌ఫోర్డ్‌లో హెలెన్ బ్లావ్ బృందం, వయసుతో పెరిగే 15-పీజీడీహెచ్ అనే ఎంజైమును అడ్డుకుంటే ముసలి ఎలుకల్లో బలం పెరిగిందని 2021లోనూ, నర-కండర సంధులు తిరిగి ఏర్పడ్డాయని 2023లోనూ చూపింది. నాకు ఎక్కువ ఆశ ఉన్న దారి అదే.

పడక మీద ఉండే రోజులను మాత్రం భయపడాల్సిన విషయంగానే చూడండి. 2007లో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్లలో దాదాపు కిలో కండ పోయింది. జ్వరానికో ఆపరేషన్‌కో నాన్నగారు ఆసుపత్రిలో చేరితే, "ఎప్పటి నుంచి లేపి కూర్చోబెట్టవచ్చు" అని మొదటి రోజే అడగండి.

మీ బాబాయిగారి విషయంలో వ్యాయామానికి ఆధారం ఇంకా గట్టిది. నెదర్లాండ్స్‌లో 130 మంది పార్కిన్సన్స్ రోగులతో చేసిన ప్రయోగంలో ఆరు నెలలు ఇంట్లోనే సైకిల్ తొక్కినవాళ్లకు కదలికల లక్షణాలు, సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవాళ్లకంటే తక్కువ పెరిగాయి. మందులకు బదులుగా కాదు, మందులతో పాటు. ఆయన క్రియాటిన్ పొడి వాడుతున్నారని కూడా మీరు రాశారు. 1,741 మంది పార్కిన్సన్స్ రోగులకు రోజుకు 10 గ్రాములు ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగాన్ని లాభం లేదని 2013లో ఆపేశారు. ఆ ఆశతో వాడుతుంటే అవసరం లేదు.

ఇక న్యూరాలజిస్టు దగ్గరికి వెంటనే వెళ్లాల్సిన గుర్తులు. బలహీనత ఒకవైపే ఉండి నెలల్లో పెరగడం, నడుస్తుంటే పాదం ముందుభాగం వేలాడి నేలకు తగలడం, బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగిపోవడం, మాట ముద్దగా రావడం, మింగేటప్పుడు పొలమారడం, పడుకుంటే ఊపిరి అందకపోవడం. వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకండి. కండరం అదరడం ఒక్కటే ఉండి బలం మామూలుగా ఉంటే అది చాలావరకు హాని లేనిదే. పిక్కల్లో, కనురెప్పల్లో అదిరేవాళ్లు బోలెడుమంది. అదురుతో పాటు బలమూ తగ్గుతుంటే కండరంలోని విద్యుత్ సంకేతాలను కొలిచే ఈఎంజీ పరీక్ష చేయించాలి. ఈ గుర్తులేవీ లేకపోయినా థైరాయిడ్, విటమిన్ డి, బీ12, షుగర్ పరీక్షలు చేయించండి, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతుంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, మెడ ఎముకల దగ్గర వెన్నుపాము నలుగుతోందేమో చూడమనండి. తొడల బలహీనతకు ఇవన్నీ కారణం కావచ్చు, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.